మినిట్స్ దానికి వదిలెయ్, తేదీలు మాత్రం వదలకు

చి. స్వాతికి,
పిన్ని ఆశీస్సులు.

ప్రాజెక్ట్ మేనేజర్‌వి అయ్యాక నీ సాయంత్రాలన్నీ మీటింగ్ మినిట్స్ రాయడానికీ, స్టేటస్ మెయిల్స్ పంపడానికీ, "ఎంతవరకూ వచ్చింది" అంటూ అందరి వెంటా పడటానికే సరిపోతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఆఫీసులో కోపైలట్ అనే ఏఐ టూల్ ఇచ్చారట కదా, మొహమాటపడకుండా వాడుకో. ఇవన్నీ చేత్తో రాస్తేనే గొప్ప అనుకునే సీనియర్లు బెంగళూరులో ఇంకా ఉన్నారు. వాళ్ల మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్.

ముందు మినిట్స్ అప్పజెప్పు. మీటింగ్ అవగానే ఎవరేం చెయ్యాలో పట్టిక వేసి ఇస్తుంది. పంపేముందు నువ్వు చూడాల్సింది షరతులు. మన కుర్రాడు "టెస్ట్ డేటా బుధవారం అందితే శుక్రవారానికి అయిపోవచ్చు" అంటాడు. పట్టికలో అది "శుక్రవారానికి పూర్తి" అయి కూర్చుంటుంది. క్లయింట్ చదివేది అదే. డేటా రాదు, శుక్రవారం దాటిపోతుంది, సోమవారం కాల్‌లో నువ్వు దొరికిపోతావు. అందుకే ప్రతి తేదీ పక్కనా "ఇది జరగాలంటే ముందు ఏం జరగాలి" అని ఒక గడి పెట్టమని దానికి చెప్పు. మనవాళ్లు తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడేచోట ట్రాన్స్‌క్రిప్ట్ తడబడుతుంది. కాల్ పెట్టేసేముందు అసలు నిర్ణయాన్ని నువ్వే ఇంగ్లిష్‌లో ఒకసారి స్పష్టంగా చెప్పేస్తే సరి. రికార్డ్ చేస్తున్నామని ముందే అందరికీ చెప్పు.

స్టేటస్ రిపోర్ట్‌కి వస్తే, ఎవరి పని ఎంతవరకూ వచ్చిందో నమోదయ్యే జిరా నుంచి టికెట్లు (ఒక్కో పని వివరం) తీసి ఇచ్చి, వారం నుంచి కదలనివేవి, ఒకే మనిషి దగ్గర పేరుకుపోయినవేవి అని అడుగు. కూడికలు, శాతాలు మాత్రం ఎక్సెల్ ఫార్ములాలతోనే చెయ్యి. తర్వాత రావాల్సిన మాటేదో అంచనా వేస్తూ రాసే యంత్రమది, లెక్క తప్పినా అదే ధీమాతో రాస్తుంది. దానికి ఇంకో జబ్బుంది. "కాస్త బాగా రాసిపెట్టు" అంటే చెడు కబురును మెత్తబరుస్తుంది. రెండు వారాల ఆలస్యం కాస్తా "కొన్ని సవాళ్లు" అయిపోతుంది. అసలే మన మేనేజర్లకు రిపోర్ట్‌లో "ప్రమాదం" అని ఎరుపు పెట్టాల్సిన చోట "కాస్త జాగ్రత్త" అని పసుపు పెట్టే అలవాటు, దానికి ఇది తోడు. ఎన్ని రోజులు ఆలస్యమో మొదటి వాక్యంలోనే ఉండాలని చెప్పి రాయించు.

ప్లాన్ వేయించేటప్పుడు ఇంకా జాగ్రత్త. నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం, మనకు సెలవు, హైదరాబాద్ టీమ్‌కు కాదు. వాళ్ల బోనాల సెలవు మనకుండదు. నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. రిటైల్ క్లయింట్లు చాలామంది అప్పట్నుంచి కొత్త సంవత్సరం దాకా ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, చెయ్యి పెట్టనివ్వరు. నువ్వు చెప్పకపోతే నవంబరు ఆఖరి వారంలో గో-లైవ్ (వాడకంలోకి వదిలే రోజు) పెట్టి అందంగా చేతికిస్తుంది. ఎవరు నోటీస్ పీరియడ్‌లో ఉన్నారో, ఎవరి పెళ్లి ఎప్పుడో కూడా దానికేం తెలుసు?

నాకు అది బాగా పనికొచ్చేది వేరే చోట. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ 2007లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, ప్రీమార్టెమ్ అంటారు. ప్రాజెక్ట్ మొదట్లోనే, అది అప్పటికే మునిగిపోయిందని అనుకుని, ఎందుకు మునిగిందో వెతకడం. నీ ప్లాన్ ఇచ్చి ఇలా అడుగు: "ఇప్పుడు మార్చి నెలాఖరు. ఈ ప్రాజెక్ట్ ఘోరంగా దెబ్బతింది. కారణాలు పది చెప్పు. ప్రతిదానికీ ఈ ప్లాన్‌లో ఏ లైను చూసి అన్నావో చూపించు." చాలామటుకు ఏ ప్రాజెక్ట్‌కైనా అతికే ఊకదంపుడే వస్తుంది. ఒకటో రెండో మాత్రం గుచ్చుకుంటాయి. వాటిని టీమ్ ముందు పెట్టు. "అసలు సంగతి అది కాదు, ఆ వెండర్ ఏపీఐ (వాళ్ల సిస్టమ్‌తో మనది కలిపే లింకు) ఎప్పుడు పనిచేస్తుందో వాళ్లకే తెలీదు" అని ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఆ మాట ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. మేనేజర్ ఎదురుగా తప్పు పట్టడానికి జంకే పిల్లలు, యంత్రం రాసినదాన్నయితే హాయిగా చీల్చి చెండాడతారు. ఆ సదుపాయం వాడుకో.

క్లయింట్ కాంట్రాక్ట్, కోడ్, ఉద్యోగుల వివరాలు నీ సొంత అకౌంట్‌లో పేస్ట్ చెయ్యకు. 2023లో సామ్‌సంగ్ ఇంజినీర్లు కంపెనీ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టారు, ఆ తర్వాత కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. మీ ఆఫీసు ఇచ్చిన టూల్ ఉంది కదా, దాంట్లోనే కానివ్వు.

ఎవరి పనితీరు బాగాలేదన్న మాట మాత్రం దానితో రాయించి పంపకు. కింద క్యాంటీన్‌కి తీసుకెళ్లి కాఫీ ఇప్పించి, నోటితో చెప్పు.

ఆదివారం భోజనానికి రా. సాయంత్రం దాకా ఆగితే సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావు, పొద్దున్నే బయల్దేరు. వస్తూ నీ రిస్క్ రిజిస్టర్, అదే ఏం తప్పు జరగొచ్చో, దాన్ని ఎవరు చూసుకోవాలో రాసే పట్టిక, తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఓనర్ గడిలో అన్నిచోట్లా నీ పేరే ఉంటే తిట్లు తప్పవు.

ఇట్లు
మీ పిన్ని