పెద్దపిల్లకు ఏ కథ చదవాలె

నల్లగొండ

బిడ్డా,

పెద్దది తమ్ముణ్ణి గిల్లుతున్నదని, దాని మనసు మారేటట్టు ఏదన్నా బొమ్మల పుస్తకం చెప్పమని అడిగినవు. చెప్తా. కానీ మనసు మారాలని ఆశపడి చదవకు. దాని కడుపుల ఉన్న కోపం మాటల్ల బయటికి రావాలె, అందుకు చదువు.

దుకాణంల దొరికేవాటిల చానా మటుకు అక్క బుద్ధిమంతురాలై తమ్ముణ్ణి ముద్దు పెట్టుకునే బొమ్మతోటి అయిపోతయి. ఇది నాకు చెప్తున్న నీతి అని నాలుగేండ్ల పిల్లకు తెల్వదా? తీసి పక్కకు పడేస్తది. కథల పిల్లకు కూడా మన పిల్లకు వచ్చినంత కోపం రావాలె, ఆ కోపానికి తల్లిదండ్రులు కొట్టొద్దు, తిట్టొద్దు. ఇవి రెండూ చూసి కొను.

నాకైతే ఎజ్రా జాక్ కీట్స్ రాసి బొమ్మలేసిన ‘పీటర్స్ చెయిర్’ మీదనే నమ్మకం. 1967ల అమెరికాల వచ్చింది. ఇంగ్లీషుదే, అయినా బొమ్మలు చూపించుకుంట మన మాటల్ల చెప్పొచ్చు. పీటర్ పేర్చుకున్నది కూలి పెద్ద చప్పుడైతది. ఇంట్ల పాప ఉన్నది, మెల్లగ ఆడుకో అంటది తల్లి. అక్కడ మన పిల్ల నీ మొఖం దిక్కు చూస్తది, చూడు. తన తొట్టెలకు, తన ఎత్తు కుర్చీకి చెల్లె కోసం గులాబీ రంగేస్తరు. రంగు పడనిది చిన్న నీలం కుర్చీ ఒక్కటే. దాన్ని పట్టుకొని, కుక్కను తోలుకొని ఇల్లు విడిచిపోతడు. ఎంత దూరం? ఇంటి ముందటికే! తన చిన్నప్పటి ఫోటో కూడా వెంట తెచ్చుకుంటడు. తీరా కూసుందామంటే కుర్చీల పట్టడు, పెద్దగైండు. ఆఖరుకు కుర్చీకి రంగేద్దామని వాడే తండ్రిని అడుగుతడు.

ఆ పేజీకాడ నువ్వు నోరు తెరవకు. ‘చూసినవా, నువ్వు గూడ అట్లుండాలె’ అన్నవంటే చదివినదంతా పాయె. ‘ఆ కుర్చీ ఇయ్యొద్దు’ అని అదంటే, ‘ఎందుకే?’ అని అడిగి ఊకో. చెప్పేదంతా అదే చెప్తది.

చిన్నోడు పండుకున్నంక, ఇది ఒక్కతే నీ ఒడిల ఉన్నప్పుడు చదువు. గిల్లిన వెంబడే పుస్తకం తీస్తే శిక్ష అనుకుంటది. అప్పుడు చెయ్యి పట్టి ఆపు, ‘కోపమొస్తే నాకు చెప్పు, గిల్లనియ్య’ అను. కొన్నాళ్లు ఇద్దరినే ఒక అర్రల విడిచి పోకు.

మీ అత్తమ్మ వినాయకుడు, కుమారస్వామి కథ చెప్తనంటున్నదట. చవితినాడు అక్షింతలు పట్టుకొని అందరం వినేదే, మంచి కథ. కానీ అందుల పందెం ఉన్నది, అన్న గెలుస్తడు, తమ్ముడు ఓడుతడు. ఇప్పుడు ఇంట్ల పందెం మాటే వద్దు. ‘ఎవరు ముందు తింటరు’ అనుడు గూడ బందువెట్టున్రి.

తెలుగుల చదవాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015ల మొదలువెట్టిన స్టోరీవీవర్ సైటుల బొమ్మల కథలు పైసల్లేకుండ దొరుకుతయి. ముందుగాల నువ్వొక్కదానివే చదివి చూడు.

ఇంకోటి. ఇరవై ఒకటో రోజుకు పెద్దదాని తొట్టెలనే చిన్నోనికి వేస్తమన్నవు గద, దాన్ని అడిగినవా? అడిగితే మాత్రం, వద్దంటే ఒప్పుకునేటట్టే అడుగు. అటక మీదికెల్లి దించి, దాని బొమ్మను అందుల పండవెట్టుకొని ఊపుకోనియ్యి. ఇయ్యనంటే చిన్నోనికి నీ పాత చీరతోటి తొట్టెల కట్టు, నేను వచ్చేటప్పుడు గట్టి తాడు తెస్తా.

నీ పెద్దమ్మ