ఆపే ముందు రాసుకోవలసిన కాగితం

నెల్లూరు

చిరంజీవి సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

రొయ్యల రైతులకు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్నది) వారీగా ధరలు చూపించి, పట్టుబడి రోజుకు ఐసు, వాహనం బుక్ చేసిపెట్టే మీ ఒంగోలు సంస్థలో కేయాస్ ఇంజినీరింగ్, అంటే వ్యవస్థలో కావాలనే అవాంతరాలు కల్పించి అది తట్టుకుంటుందో లేదో చూసే పద్ధతి, మొదలుపెట్టే బాధ్యత నీకు అప్పగించారని రాశావు. నడుస్తున్న సర్వర్లను ఇష్టం వచ్చినట్టు ఆపేసే ప్రోగ్రామును వచ్చే వారమే పెట్టేద్దామని మీ బృందంలో కొందరు తొందరపడుతున్నారని కూడా రాశావు. ఆ ప్రోగ్రామును కొన్ని నెలలపాటు పక్కన పెట్టించడమే నీవు చేయవలసిన మొదటి పని.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది నెట్‌ఫ్లిక్స్. 2008 ఆగస్టులో డేటాబేస్ చెడిపోయి మూడు రోజులపాటు చందాదారులకు డీవీడీలు పంపలేకపోయిన తరువాత, ఆ సంస్థ సొంత డేటా సెంటర్ నుంచి అమెజాన్ క్లౌడ్‌కు మారడం మొదలుపెట్టింది. అక్కడ ఏ సర్వర్ ఏ క్షణాన మాయమైనా సేవ ఆగకూడదని నియమం పెట్టుకుని, ఆ నియమం నిజంగా అమలవుతోందో లేదో చూడడానికి సర్వర్లను ఇష్టం వచ్చినట్టు ఆపే కేయాస్ మంకీ (మంకీ అంటే కోతి) అన్న ప్రోగ్రామును తయారుచేసుకుంది. 2012లో దాని కోడును అందరికీ ఇచ్చేసింది కనుక కోతిని ఒక పూటలో తెచ్చుకోవచ్చు. ఒక సర్వర్ పోతే మరొకటి అందుకునేలా ముందే కట్టిపెట్టుకున్న ఏర్పాటు మాత్రం దానితోపాటు రాదు. మీకు ఉన్నది ఒకే డేటాబేస్ అయితే, దానిని ఆపితే అంతా ఆగుతుందని ప్రయోగం చేయకుండానే తెలుసు. తెలిసిన లోపాన్ని దిద్దుకోవాలే కాని దాని మీద ప్రయోగం చేయడం వృథా. ఆ కోతి ఇంజినీర్లు ఎదుట ఉండే పనివేళల్లోనే సర్వర్లను ఆపేదన్న సంగతి కూడా చాలామంది మరిచిపోతారు.

కాబట్టి కాగితంతో మొదలుపెట్టు. మీ వ్యవస్థ బాగుందని చెప్పే ఒక్క కొలతను ముందు ఎంచుకో. నెట్‌ఫ్లిక్స్ వారు సెకనుకు ఎన్ని వీడియోలు మొదలవుతున్నాయన్నది చూసేవారు. సీపీయూ ఎంత, మెమరీ ఎంత అన్న అంకెలు రైతుకు సంబంధం లేనివి. తెల్లవారుజామున పది నిమిషాలకు ఎన్ని బుకింగులు ఖరారవుతున్నాయన్నది మీకు సరిపోయే కొలత అనుకుంటాను. ఆ తరువాత, ఫలానా భాగాన్ని ఆపితే ఆ కొలత ఏమవుతుందో మీ బృందంలో ప్రతి ఒక్కరి చేతా, ఒకరిది ఒకరు చూడకుండా, రాయించు. ధరల సర్వర్ ఆగితే పాత ధర కనబడుతుందని ఒకరు, ఖాళీ తెర వస్తుందని మరొకరు, అసలు యాప్ తెరుచుకోదని ఇంకొకరు రాస్తారు. ప్రయోగం జరగకముందే ఆ మూడు కాగితాల తేడా నీకు సగం పని చేసిపెడుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతి పరీక్షించేది సర్వర్లను కన్నా వాటి గురించి మనకున్న నమ్మకాలను. నమ్మకం రాసిపెట్టని చోట జరిగేది వట్టి విధ్వంసం.

మొదటి ప్రయోగంగా దేనినీ పడగొట్టవద్దు. నిన్నటి బ్యాకప్ తీసుకుని, కొత్త మెషీన్ మీద డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టి, ఎంతసేపు పట్టిందో, ఏ బుకింగు వరకు దొరికిందో చూడు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లను తొలగించినప్పుడు, ఆ సంస్థ నమ్ముకున్న అయిదు రకాల ఏర్పాట్లలో ఏదీ అనుకున్నట్టు పనికిరాలేదు. రోజూ జరగవలసిన బ్యాకప్, ప్రోగ్రాముల వెర్షన్ల తేడా వల్ల విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణాన ఉన్న డేటాకు నకలు) ఒకటి ఉండబట్టి అంతటితో బయటపడ్డారు. మీ ప్రయోగంలో బ్యాకప్ తిరిగి నిలబడకపోతే మిగిలిన ప్రయోగాలన్నీ ఆపి, ముందు దాని సంగతి చూడండి.

రెండోదిగా సర్వర్‌ను చంపడం కన్నా నెమ్మదింపజేయడం మంచిది. ఈ సంగతి మీద నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తవారు అందరూ చావు గురించి ఆలోచిస్తారు, జాప్యం గురించి ఎవరూ ఆలోచించరు. చచ్చిన సర్వర్ వెంటనే తప్పు చూపిస్తుంది కనుక పక్కదానికి మళ్లవచ్చు. నెమ్మదించిన సర్వర్ తనతోపాటు అందరినీ నిలబెట్టేస్తుంది. సెకనుకు పది అభ్యర్థనలు వచ్చే చోట ఒక్కో దానికి 0.2 సెకన్లు పడితే సగటున ఒకేసారి రెండు కనెక్షన్లు తెరిచి ఉంటే చాలు. డబ్బు చెల్లింపులు నడిపే అవతలి పేమెంట్ గేట్‌వే జవాబివ్వడానికి 30 సెకన్లు తీసుకుంటే అదే పనికి 300 కనెక్షన్లు కావాలి, మీరేమో బహుశా 50 పెట్టుకుని ఉంటారు. అప్పుడు డబ్బుతో సంబంధం లేని ధరల పేజీ కూడా ఆగిపోతుంది. పైథాన్‌లో వేరే సర్వర్లను అడగడానికి అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం చెప్పకపోతే టైమ్‌అవుట్ (ఇంతసేపే ఎదురుచూడాలన్న గడువు) ఉండదని మీవాళ్లలో ఎందరికి తెలుసో అడిగి చూడు. దీనికి తోడు రీట్రైలు, అంటే జవాబు రాకపోతే మళ్లీ అడగడాలు, ఉంటాయి. యాప్ మూడుసార్లు, మధ్యలోని సర్వర్ మూడుసార్లు, దాని వెనుకది మూడుసార్లు ప్రయత్నించేలా రాసి ఉంటే, రైతు ఒక్కసారి నొక్కినందుకు చివరి సర్వర్ మీద 27 దెబ్బలు పడతాయి. అసలే అలసిన సర్వర్ ఇక లేవదు. రీట్రై ఒక్క అంచెలోనే ఉండాలి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం పెరుగుతూ పోవాలి, ఆ విరామంలో కొంత యాదృచ్ఛికత ఉండాలి, ఒకే బుకింగు రెండుసార్లు వచ్చినా ఒకటిగానే నమోదు కావాలి. ఈ జాప్యాన్ని కల్పించడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. లైనక్స్‌లోని టీసీ ఆదేశంతో నెట్‌వర్క్‌కు ఎంత ఆలస్యం కావాలంటే అంత కలపవచ్చు.

మూడోదిగా పరీక్షించవలసింది, ఒకటి పోయినా మరొకటి ఉంది కదా, రెండేసి ఉన్నాయి కదా అన్న ధీమాను. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు మన పడుగుపాడు ప్రాంతంలో రైలు మార్గమూ జాతీయ రహదారీ ఒకేసారి తెగిపోవడం నీకు గుర్తుండే ఉంటుంది. కాగితం మీద అవి రెండు దారులు. వరదకు రెండూ ఒకటే. మీ రెండు సర్వర్లూ ఒకే డేటా సెంటర్‌లో ఉన్నాయా, ఒకే డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే ఏర్పాటు) మీద ఆధారపడ్డాయా, రెండింటి భద్రతా సర్టిఫికెట్ గడువూ ఒకే రోజు తీరుతుందా అన్నది రాసుకో. ప్రమాదాన్ని తెలిపే ఏర్పాటు కూడా ఇందులోకే వస్తుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ఎస్3 సేవ ఆగినప్పుడు, సేవల పరిస్థితి తెలిపే పేజీని నిర్వహించే సాధనం ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉండడం వల్ల కొంతసేపు ఆ పేజీని సరిచేయలేకపోయారు. రైతులకు ఓటీపీ పంపే ఎస్ఎంఎస్ సంస్థ ద్వారానే మీ ఇంజినీర్లకు హెచ్చరికలు వెళుతున్నట్టయితే, ఆ సంస్థ ఆగిన రోజున మీకు ఫోన్ చేసి చెప్పేది రైతులే.

అసలు వ్యవస్థ మీద, అంటే ప్రొడక్షన్‌లో, ఎప్పుడు చేయాలని అడిగావు. స్టేజింగ్‌లో, అంటే అసలుదానిలాంటి పరీక్షా వ్యవస్థలో, రెండుసార్లు అనుకున్నట్టే జరిగిన ప్రయోగాన్ని మాత్రమే అక్కడికి తీసుకువెళ్లు. ముందు నూటికి ఒకరిద్దరు వాడుకరులకు తగిలేలా చేయి. కొలత ఎంతకు పడిపోతే ఆపేస్తారో, ఆపే మీట ఎవరి చేతిలో ఉంటుందో ముందే రాసిపెట్టు. ఆ మీటను ప్రయోగానికి ముందు ఒకసారి నొక్కి చూడు. మీ వ్యాపారంలో రద్దీ తెల్లవారుజామున కనుక మధ్యాహ్న సమయం నయం. రైతుల ఫోన్లు ఎత్తే సిబ్బందికి ముందుగా చెప్పకుండా ఏదీ చేయవద్దు. నిజమైన డబ్బు కదిలే భాగాన్ని, మీ మేనేజరు ఎంత తొందరపెట్టినా, చిట్టచివరి వరకు తాకవద్దు. అనుకోనిది బయటపడినప్పుడు ఆ కోడు ఎవరు రాశారన్న ప్రశ్న సమావేశంలో రానివ్వకు; ఒక్కసారి వచ్చిందంటే తరువాతి ప్రయోగంలో ఎవరూ తమ నమ్మకాన్ని నిజాయితీగా రాయరు. దిద్దిన తరువాత అదే ప్రయోగాన్ని మళ్లీ చేయించు. రెండు మూడు నెలలపాటు ఒకే ఫలితం ఇచ్చినదానిని మాత్రమే యంత్రానికి అప్పగించు. మీవాళ్లు కోరుతున్న ఆ కోతికి అప్పుడు చోటు దొరుకుతుంది.

నెట్‌వర్క్‌కు సంబంధించిన ప్రయోగాలన్నిటినీ సెప్టెంబరులోపు ముగించుకో. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి తుపానుల కాలం. కరెంటు పోయి, టవర్లు ఆగి, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్న ఫోన్ల నుంచి రైతులు తొందరగా పట్టుబడి బుక్ చేసుకోవాలని ఒక్కసారిగా మీ మీద పడతారు. ఆ వారాల్లో నీవు ఏ ప్రయోగమూ పెట్టుకోవద్దు, కొలతలు మాత్రం నమోదు చేసి భద్రపరచు.

ఇట్లు,
మీ పెదనాన్న