హెచ్‌డీ టీవీకి కేబులా, డీటీహెచ్చా?

కొత్త హెచ్‌డీ టీవీకి కేబుల్ మేలా, ఇంటి మీద డిష్ పెట్టి నేరుగా ఉపగ్రహం నుంచి ఛానళ్లు అందుకునే డీటీహెచ్ మేలా అని అడిగారు. అసలు తేడా వానాకాలంలో తెలుస్తుంది. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ అనే రకం ఉపగ్రహ తరంగాలను జోరువాన మింగేస్తుంది. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. కేబుల్ ఆపరేటర్లు ఎక్కువగా వానకు తట్టుకునే సీ బ్యాండ్ అనే మరో రకం తరంగాల్లో, పెద్ద డిష్‌లతో ఛానళ్లు అందుకుంటారు. కాకపోతే వీధిలో వైరు తెగితే అంతే సంగతులు. డిష్ పెట్టాలంటే డాబా మీద దక్షిణ, ఆగ్నేయ దిక్కుల్లో చెట్టో అపార్ట్‌మెంటో అడ్డు ఉండకూడదు. మీ ఆపరేటర్ పిలిస్తే పలికే మనిషైతే నేను కేబులే అంటాను. ఏది తీసుకున్నా హెచ్‌డీ బాక్సే అడగండి, హెచ్‌డీఎంఐ వైరుతోనే కలపండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైరులో హెచ్‌డీ రాదు.