రిలే సర్వర్ నుంచి ఊరందరికీ స్పామ్ బౌన్సులు పోతుంటే ఎలా ఆపాలి?

మీరు రాసినదాన్ని బట్టి, హైదరాబాదు డేటా సెంటర్‌లో మెయిల్ అందుకుని ముందుకు పంపే పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) రిలే ఉంది, అక్కణ్ణించి మెయిల్ ఒంగోలు ఆఫీసు సర్వర్‌కి వస్తుంది. క్యూ నిండా మెయిలర్-డీమన్ పేరుతో బౌన్సులే (మెయిల్ చేరలేదని సర్వర్ తనంతట తాను పంపే కబుర్లు), రిలే ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కింది.

స్పామ్ ఫిల్టర్ ఎంత బిగించినా ఇది తగ్గదండీ. రిలే ఏ అడ్రసుకొచ్చినా 250 (సరే) అని తీసేసుకుంటోంది, ఆ మనిషి ఇక్కడ లేడని ఒంగోలు సర్వర్ 550 (కుదరదు) కొడుతోంది. ఒకసారి 250 అన్నాక మెయిల్ చేర్చడమో, చేరలేదని పంపినవాళ్లకు చెప్పడమో రిలే పూచీ. స్పామ్‌లో పంపినవాళ్ల అడ్రసే దొంగది, కనుక ఆ కబురు ఏ సంబంధం లేనివాళ్ల నెత్తిన పడుతుంది. కాదనేదేదో ఆర్‌సీపీటీ దగ్గరే, అంటే పంపే సర్వర్ ఎవరికో అడ్రసు చెప్పినప్పుడే, అనాలి.

ఒంగోలు సర్వర్‌లో ఉన్న అడ్రసులన్నీ, గ్రూపులూ మారుపేర్లతో సహా, ఒక ఫైల్లో వరసకొకటి రాయండి. పక్కన ఏదో ఒక మాట ఉండాలి, 'ఓకే' చాలు. ఫైల్ మీద పోస్ట్‌మ్యాప్ (దాన్ని పోస్ట్‌ఫిక్స్ వెతుక్కునే పట్టికగా మార్చే కమాండ్) నడిపి, సెట్టింగుల ఫైలైన మెయిన్.సీఎఫ్‌లో రిలే_రెసిపియెంట్_మ్యాప్స్‌కి దాన్ని చూపించి, రీలోడ్ చేయండి. ఆ సెట్టింగ్ ఖాళీగా ఉంటే డొమైన్‌లో ఏ అడ్రసైనా చెల్లుతుంది. కొత్త ఉద్యోగి చేరినప్పుడు లిస్టు మరిచిపోతే అసలు మెయిలే తిరిగిపోతుంది, అందుకని క్రాన్‌తో (వేళకి పనులు నడిపే సాధనం) రోజూ తాజా చేయించండి.

రిజెక్ట్_అన్‌వెరిఫైడ్_రెసిపియెంట్ పెడితే రిలేయే లోపలి సర్వర్‌ని అడిగి తెలుసుకుంటుంది, లిస్టు అక్కర్లేదు. కానీ తుపాను రోజుల్లో ఒంగోలు లైన్ పోతే, అంతకుముందు అడిగి గుర్తుపెట్టుకోని అడ్రసులన్నిటికీ 450 (ఇప్పుడు కాదు, తర్వాత రండి) వస్తుంది. మన జిల్లాకి లిస్టే నయం: లైన్ లేకపోయినా మెయిల్ తీసుకుని 5 రోజుల దాకా క్యూలో ఉంచుతుంది.

లిస్టు పెట్టినా బౌన్సులు ఆగలేదంటే ఈ మూడూ చూడండి. పాత డొమైన్ మొత్తాన్ని కొత్త డొమైన్‌కి మళ్లించే వర్చువల్ ఏలియాస్ వరస ఒక్కటున్నా లిస్టు వృథా, అడ్రసుకో వరస రాయాల్సిందే. రెండోది సైజు: పోస్ట్‌ఫిక్స్ మామూలు హద్దు 1,02,40,000 బైట్లు, లోపలి సర్వర్ హద్దు అంతకంటే తక్కువ ఉండకూడదు. మూడోది ఎక్కువమంది వదిలేసేది. లోపలి సర్వర్ స్పామ్ అని తిప్పికొట్టినా బౌన్స్ పుట్టేది రిలేలోనే. ఫిల్టర్‌ని మిల్టర్‌గా, అంటే మెయిల్ తీసుకునేటప్పుడే చూసేలా, రిలే గుమ్మంలోనే పెట్టి, లోపల మాత్రం రిలే ఐపీ నుంచి వచ్చిందాన్ని తిప్పికొట్టకుండా స్పామ్ ఫోల్డర్లో వేయించండి. సెకండరీ ఎంఎక్స్ (మొదటి సర్వర్ అందనప్పుడు మెయిల్ తీసుకునేది) ఉంటే దానికీ ఇదే లిస్టు, ఇదే ఫిల్టర్. స్పామర్లు కావాలనే ఆ దారి పడతారు.

ఖాళీ సెండర్‌తో (పంపినవాళ్ల అడ్రసు లేకుండా) వచ్చే మెయిళ్లన్నీ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. మీవాళ్లు పంపినవి చేరకపోతే వచ్చే కబురు కూడా అలాగే వస్తుంది.

పాత క్యూని ఒక్కపెట్టున తుడిచేయకండి, అందులో నిజం మెయిళ్లూ ఉంటాయి. క్యూ చూపించే పోస్ట్‌క్యూ-పి లో సెండర్ మెయిలర్-డీమన్ అని ఉండి, బయటివాళ్లకు పోయేవాటి ఐడీలు చూసుకుని, పోస్ట్‌సూపర్‌తో తీసేయండి.

చివరగా, రిలే నమ్మే నెట్‌వర్క్‌లో లేని మిషన్ నుంచి పోర్ట్ 25కి టెల్‌నెట్ కొట్టి, లేని అడ్రసుకి ఆర్‌సీపీటీ ఇవ్వండి. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ పోర్ట్ తరచూ మూసి ఉంటుంది, వేరే వీపీఎస్ (అద్దె సర్వర్) వాడండి. 550 5.1.1 అని వెంటనే రావాలి. 250 వస్తే రిలే ఇంకా ఒప్పుకుంటున్నట్టే, మెయిన్.సీఎఫ్ మళ్లీ చూడాలి.