‘మిస్’ అనే ఆంగ్ల క్రియకు అర్థాలేమిటి, దానిని ఎలా వాడాలి?

‘మిస్’ అంటే ప్రధానంగా గురి తప్పడం, అందవలసినది అందకపోవడం. ‘ఐ మిస్డ్ ది బస్’ అంటే నేను చేరేసరికే బస్సు వెళ్లిపోయిందని అర్థం. మన ‘మిస్డ్ కాల్’ కూడా ఈ కోవలోదే.

‘ఐ మిస్ యూ’ అన్నప్పుడు మాత్రం దగ్గర లేని మనిషి లోటు మనసుకు తెలుస్తోందన్న భావం వస్తుంది. దీనికి అచ్చంగా సరిపోయే ఒక్క క్రియ తెలుగులో లేదు కనుక, ‘నువ్వు బాగా గుర్తొస్తున్నావు’ అనో, ‘నువ్వు లేక వెలితిగా ఉంది’ అనో సందర్భాన్ని బట్టి చెప్పుకోవాలి. ‘బెంగ పెట్టుకోవడం’ దీనికి దగ్గరగా వస్తుంది గాని, నా దృష్టిలో అందులో దిగులు పాలు ఎక్కువ. అయితే ‘ఐ మిస్డ్ యూ ఎట్ ది స్టేషన్’ అనే వాక్యానికి సాధారణంగా స్టేషన్‌లో నిన్ను కలుసుకోలేకపోయానని అర్థం.

దీని తరువాత మరో క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే వాడాలి: ‘ఐ మిస్ లివింగ్ దేర్’ సరైనది, ‘ఐ మిస్ టు లివ్ దేర్’ తప్పు.