ముందు కళ్ళు ఎటు వెళ్తాయి?

వడపళని, చెన్నై

తమ్ముడికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. అడవిలో తప్పిపోయిన నీ కథానాయకుడు మూడో రోజు చెట్టు కింద కూలబడి, "నా కూతురి కోసం నేను బతికి తీరాలి" అంటాడు. ఆ మాట కొట్టెయ్యి. మూడు రోజులుగా నీళ్ళు దొరకని మనిషి నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంటుంది. అంత నిండైన వాక్యం అతని నోట రాదు. ప్రాణభయం మాటగా మారేలోపే కళ్ళలోకి, చేతుల్లోకి వచ్చేస్తుంది. కెమెరా దాన్ని అక్కడే పట్టుకోవాలి.

2015 డిసెంబర్ 1 రాత్రి నేను జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉండేవాణ్ణి. అడయార్ నది పొంగి నీళ్ళు గడప దాటాయి, కరెంటు పోయింది. ఆ చీకట్లో నా కళ్ళు ముందు మేడ మెట్ల కోసం వెతికాయి. మంచం మీద ఉన్న అమ్మ వైపు ఆ తర్వాతే తిరిగాయి. అమ్మను ఎత్తుకునే పైకి వెళ్ళాను, నిజమే. కానీ ఆ మొదటి చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ నన్ను పిలుస్తూనే ఉందట. నాకు వినిపించలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చూపు ఇరుకైపోతుంది, చుట్టూ ఉన్న శబ్దాలు ఎక్కడో దూరంగా జరిగిపోతాయి.

ఆ స్థితిని తెర మీదికి తెచ్చే పనిముట్లు సినిమాకు ఉన్నాయి. 'ది రెవెనెంట్' (2015)లో ఛాయాగ్రాహకుడు ఇమాన్యుయెల్ లుబెజ్కి వెడల్పు లెన్సును నటుడి ముఖానికి ఎంత దగ్గరగా తీసుకెళ్ళాడంటే, ఒకచోట ఊపిరి ఆవిరి లెన్సు మీదే పేరుకుంటుంది. ముఖం తెర నిండా ఉంటుంది, దాని వెనక దాక్కునే చోటు లేని మంచు నేల కూడా కనిపిస్తూనే ఉంటుంది. 'కాస్ట్ అవే' (2000)లో కథానాయకుడు దీవి మీద ఒంటరిగా ఉన్నంతసేపూ నేపథ్య సంగీతం లేదు. అతను తెప్ప మీద అలలు దాటి బయటపడ్డాకే మొదలవుతుంది. సంగీతం వినిపిస్తే పక్కన ఎవరో తోడున్నట్టే కదా. ఆ తోడును ప్రేక్షకుడికి కూడా దక్కనివ్వలేదు.

ఇదంతా దర్శకుడి పని అనుకోకు. 'భయపడ్డాడు' అని నువ్వు రాస్తే ఎవరికీ ఏమీ తోచదు. 'ఆకుల చప్పుడు. నమలడం ఆపాడు. తల తిప్పలేదు.' అని రాసి చూడు. ఎక్కడ కట్ చేయాలో ఎడిటర్‌కు, ఏ శబ్దం మిగల్చాలో సౌండ్ చూసేవారికి ఆ మూడు ముక్కలే చెప్తాయి.

ఇక వాగు దృశ్యం. స్నేహితుడు జారిపడగానే నీ కథానాయకుడు 'వెంటనే దూకాడు' అని రాశావు. ఆ 'వెంటనే' తీసెయ్యి. ముందు అతని చేయి ఒడ్డున ఉన్న వేరును ఇంకా గట్టిగా పట్టుకోనీ. ఆ చేతినే చూపించు. కింద అరుపు సన్నగిల్లనీ. అప్పుడు ఒక్కొక్క వేలూ వదలనీ.

మార్చి రాశాక పట్టుకుని రా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

నీ మేలు కోరే,
అన్నయ్య