చిన్న లోకం కట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

కంప్యూటర్‌కి తెలుగు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించడానికి ప్రోగ్రాములో ఒక చిన్న ఇల్లు కట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఇంట్లో ఎవరేం చేశారో ప్రోగ్రాము కథగా చెప్పి, ఏ వస్తువు ఎక్కడుందని అడుగుతుందట. చాలా గర్వంగా ఉంది. దిగులుగానూ ఉంది. ఈ పనిలో పరీక్ష చెడిపోయినా మార్కులు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి, అదీ నా భయం.

నలుగురు మనుషులు, ఆరు చోట్లు, అయిదు వస్తువులు పెట్టుకో. వెళ్ళడం, తీసుకోవడం, పెట్టడం, ఇవ్వడం, ఈ నాలుగు పనులూ చాలు. చెంబు సీత చేతిలో ఉంటే ఆ ఒక్క సంగతే నమోదు చెయ్యి. చెంబు ఉన్న చోటుని సీత ఉన్న చోటు నుంచి లెక్కగట్టు. రెండూ విడివిడిగా రాస్తే ఒకటి మారి ఇంకోటి మారక నీ జవాబులే తప్పవుతాయి.

ఇక అసలు సంగతి. సీత పెరట్లో చెంబు తీసుకుంది, వంటింట్లో పెట్టింది. ప్రోగ్రాము వెంటనే "చెంబు ఎక్కడుంది?" అని అడుగుతుంది. కథ అక్కడే ఆగింది కాబట్టి, చివరగా వినబడ్డ చోటు పేరు చెప్పేస్తే చాలు, జవాబు ఒప్పే. కథ అర్థం కానక్కర్లేదు. అందుకే నువ్వు పరీక్షించాలనుకున్న పెద్ద భాషా మోడల్ జోలికి వెళ్ళకముందే రెండు మొద్దు ప్రోగ్రాములు రాయి. ఒకటి ఎప్పుడూ చివరి చోటు పేరే చెప్పాలి. రెండోది కథ చూడకుండా ప్రశ్న మాత్రమే చూడాలి. ఆరు చోట్లున్నప్పుడు గుడ్డిగా చెప్పినా 17 శాతం దాకా కలుస్తుంది. వీటిలో ఏది అంతకన్నా బాగా ఎక్కువ తెచ్చుకున్నా నీ లోకంలో చిల్లు ఉన్నట్టే. చెంబు పెట్టాక సీతని సావిట్లోకి పంపు, రాముణ్ణి అటూ ఇటూ తిప్పు, అప్పుడు అడుగు. ప్రతి చోటూ సమానంగా జవాబయ్యేలా చూడు. చెంబు ఎప్పుడూ వంటింట్లోనే తేలితే రెండో మొద్దు ప్రోగ్రామే గెలుస్తుంది. తొంభై శాతం చూసి రాత్రికి రాత్రి సంబరపడి అందరికీ చెప్పావంటే మాత్రం నేను ఊరుకోను!

1968-70 మధ్య ఎంఐటీలో టెర్రీ వినోగ్రాడ్ చేసిన ష్రడ్లు అనే ప్రోగ్రాము, బల్లమీది దిమ్మెల గురించి ఏమడిగినా చక్కగా జవాబిచ్చేది. దిమ్మెల లోకం దాటితే దానికేమీ తెలియదు. ఆ దారి మీద తర్వాత ఆయనకే నమ్మకం పోయింది. నీలాగే చిన్న కథలు చెప్పి ప్రశ్నలడిగే బాబీ అనే పరీక్షల కట్టని 2015లో ఫేస్‌బుక్ పరిశోధకులు తెచ్చారు. అందులో 20 రకాల పరీక్షలున్నాయి, హిందీలో కూడా. అది తప్పకుండా చూడు.

తెలుగుకి తెలుగు చిక్కులున్నాయి తల్లీ. ఇల్లు, పెరడు, సావిడి, వీటికి ఊరికే "లో" తగిలిస్తే వినలేం. ఆరు చోట్లకీ రూపాలు చేత్తో రాసిపెట్టుకో. కర్త లేని వాక్యాలు తప్పకుండా పెట్టు, మనం మాట్లాడేది అలాగే కదా. కాకపోతే ఒక ఆడ, ఒక మగ మాత్రమే ఉంటే "వెళ్ళింది", "వెళ్ళాడు" అన్న చివరి అక్షరాలే మనిషిని పట్టిచ్చేస్తాయి. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు ఉండాలి.

ముందు ఓ యాభై కథలు అచ్చు తీసి అమ్మమ్మకి చదివి వినిపించు. ఆవిడ తడబడ్డవి విడిగా తీసి నాకు పంపు. తప్పు ప్రశ్నలో ఉందో కథలో ఉందో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య